అక్క చేతి బోణి

మా అక్క చేయి మంచిదని పెనుకొండ చుట్టుపక్కల పది ఊళ్లలో పేరు. పట్టుపురుగులు పెంచే ఇళ్లలో, కొత్త పంట పురుగులు షెడ్డులోకి వచ్చిన రోజు మొదటి మల్బరీ ఆకు ఎవరి చేత వేయించాలన్నది చిన్న విషయం కాదు. ఆ చేయి మంచిదైతే పురుగు ఆకలిగా తింటుంది, రోగం రాదు, గూళ్లు గట్టిగా కడుతుంది. మంచిది కాకపోతే ఎవరూ పైకి ఏమీ అనరు. ఆ మనిషిని రెండోసారి పిలవరు, అంతే. మా అక్కను మాత్రం ప్రతి పంటకూ పిలిచేవాళ్లు. మాది నమాజు చదివే ఇల్లు, మాట్లాడేది తెలుగు. అక్క బిస్మిల్లా అనుకుంటూ ఆకు వేస్తుంటే, పక్కన ఆ ఇంటి ఆడవాళ్లు తట్టలకు పసుపు రాసి దండం పెట్టుకునేవాళ్లు. తిరిగి వచ్చేటప్పుడు రవికె గుడ్డో, నాలుగు గుప్పెళ్ల శెనక్కాయలో ఆమె కొంగులో పోసి పంపేవాళ్లు.

నాకు నవ్వొచ్చేది. "పురుగుకు కండ్లే సరిగ్గా కనపడవు, దానికి నీ చెయ్యేం తెలుస్తాదక్కా?" అని ఎగతాళి చేసేవాడిని.

"నీకు కండ్లు బాగా కనపడతాయి గదా, నువ్వేం పెద్ద సాధించినావురా?" అనేది ఆమె.

నేను సాధించింది హిందూపురంలో ఒక రీలింగ్ యూనిట్. గూళ్లను వేడినీళ్లలో ఉడికించి దారం తీసే పని. ఆరు బేసిన్లు, ఎనిమిది మంది ఆడకూలీలు, వీధి మొదటి నుంచి చివరిదాకా ఉడికిన పురుగు వాసన. మార్కెట్‌లో గూళ్లు కొనేటప్పుడు ఒక గూడు తీసి చెవి దగ్గర ఆడించేవాడిని. లోపల పురుగు కదిలే చప్పుడును బట్టి ఆ సరుకుకు దారం ఎంత దిగుతుందో చెప్పేవాడిని. చాలాసార్లు సరిపోయేది. పక్క వ్యాపారులు నా మొహం చూసి వేలంలో పాట పెంచేవాళ్లు. ఆ గర్వమే నా కొంప ముంచింది.

నా కొంప అని రాశాను. తప్పు. నా కొంప మునగలేదు, ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉంది. దాని కథే ఇది.

కరోనాకు మార్కెట్ మూతబడిన రోజుల్లో ఫోన్‌లో క్రిప్టో కాయిన్లు కొనడం మొదలుపెట్టాను. గూళ్ల రేటు పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. పాతికేళ్లు దాంతో కుస్తీ పట్టిన నాకు ఫోన్‌లో ఎగిరిపడే గీత ఒక లెక్కా అనుకున్నాను. పైగా నాదొక గొప్ప సిద్ధాంతం. గూడులో ప్రాణం ఉంటుంది. వారం దాటితే పురుగు రెక్కలొచ్చి చిల్లు పెట్టుకుని బయటికొస్తుంది, గూడు పనికిరాకుండా పోతుంది. అందుకే అమ్మే రైతుకు తొందర, కొనే నాకు ధీమా. కాయిన్‌లో పురుగు లేదు కదా, మురగదు కదా, ఎన్నాళ్లైనా పెట్టుకోవచ్చు కదా! రేటు పడితే ఆగాలి, అంతే. పడింది, ఆగాను. సగానికి పడింది, ఇంకా ఆగాను. సగంలో సగమయ్యాక కూడా, టీకొట్టు దగ్గర పదిమందికి ఓపిక గురించి పాఠం చెప్పాను.

పోయినదాన్ని రాబట్టుకోవడానికి నా భార్య గాజులు బంగారం లోన్‌లో పెట్టాను. బాయిలర్ మార్చాలని ఆమెకు చెప్పాను. ఫోన్‌లో ఐదు నిమిషాల్లో అప్పిచ్చే యాప్‌లు ఉంటాయే, వాటిలో రెండింటి దగ్గర కూడా చేయి చాపాను. ఆ సొమ్మంతా తీసుకుపోయి ధర్మవరంలో ఒకడి చేతిలో పోశాను.

నేను దారం వేసే ఒక షాపు వాళ్లకు అల్లుడినని వాడు చెప్పుకునేవాడు. మీటింగ్ ఒక చీరల కొట్టు మేడ మీద, ఆదివారం మధ్యాహ్నం. బాదంపాలు, ప్లాస్టిక్ కుర్చీలు, గోడ మీద ప్రొజెక్టర్ బొమ్మలు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది నేతగాళ్లు. మగ్గం గుంతలో కాళ్లు పెట్టి పెట్టి నడుము పడిపోయినవాళ్లు. బాదంపాలు ఇంకో గ్లాసు అడగడానికి మొహమాటపడుతున్నారు గానీ, ఇంట్లో ఉన్నదంతా ఇచ్చేయడానికి ఎవరికీ మొహమాటం లేదు. వాళ్లను చూసి నాకు చిన్నచూపు కలిగింది. నేను వాళ్లలాంటివాడిని కాననుకున్నాను. ఆ గదిలో అందరూ అదే అనుకుంటున్నారని ఇప్పుడు తెలుసు.

"చీర నేసినోడికి మిగలదు, అమ్మినోడికి మిగుల్తాది. అవునా, కాదా?" అన్నాడు వాడు. "ఈ కాయిన్ మనది. మనమే నేసేది, మనమే అమ్మేది. ఇది పెరగడమే గానీ పడేది ఉండదు."

పడనిది అనగానే లేచి రావాల్సింది. పాతికేళ్లలో పడని రేటును నేను ఎక్కడా చూడలేదు. కూర్చున్నాను. నెలన్నరలో నా ఫోన్‌లో అంకె రెట్టింపైంది. తీసుకుందామని నొక్కితే రాలేదు. వాడి దగ్గరికి పోయాను.

"అన్నా, నీ దుడ్లు యాడికీ పోలేదు," అన్నాడు. "నీ కింద ఇంగొక మనిషిని పెట్టు. నువ్వు పెట్టినంత వాళ్లూ పెట్టాల. అది పడిన మూడో దినం నీ అసలు నీ బ్యాంకులో ఉంటాది."

"మరి వాళ్లది?"

"వాళ్ల కింద వాళ్లు ఇంగొకరిని పెట్టుకుంటారు."

వాడు నవ్వాడు. నేనూ నవ్వాను. నాకు అక్కడే అంతా అర్థమైంది. అర్థం కాలేదని, అమాయకంగా మోసపోయానని తర్వాత చాలామందికి చెప్పాను. ఇక్కడ చెప్పను. వాడి దగ్గర కాయినూ లేదు, గీతా లేదు. ఒకడి జేబులోది తీసి ఇంకొకడి జేబులో పెడుతున్నాడు. చివర నిలబడినవాడు చస్తాడు. నా వెనక ఎవరినైనా నిలబెడితే నేను బతుకుతాను.

ధర్మవరం నుంచి తిరిగొచ్చే బస్సులో కూర్చుని, ఎవరి దగ్గర అంత నగదు ఉంటుందా అని ఆలోచించాను. తెలిసినవాళ్లందరి డబ్బూ స్థలాల్లోనో బ్యాంకులోనో ఇరుక్కుని ఉంది. పెనుకొండ దాటకముందే పేరు తట్టింది. నిజం చెప్పాలంటే పెద్దగా ఆలోచించలేదు కూడా.

అక్కా బావా పదిహేనేళ్లుగా హజ్‌కు పోవాలని కూడబెడుతున్నారు. పిల్లల్లేరు. ఉన్నది ఎకరా మల్బరీ తోట, ఒక రేకుల షెడ్డు. పంట దిగినప్పుడల్లా ఖర్చులు పోను మిగిలింది ఇనుప పెట్టెలో పెట్టేవాళ్లు. వడ్డీ కలిసిన సొమ్ముతో ఆ ప్రయాణం చేయకూడదని బ్యాంకు గడప తొక్కలేదు. ఇద్దరికీ కలిపి ఏడు లక్షలు కావాలనుకున్నారు, ఆరు దాటింది. ఇంకో రెండు మూడు పంటలు బాగా పండితే చాలు. బావ అప్పటికే చెప్పుల గురించి మాట్లాడేవాడు. అక్కడ ఎండకు రాళ్లు కాలుతాయట, ఎలాంటి చెప్పులు కొనాలి అని నన్ను రెండుసార్లు అడిగాడు.

నేను పోయిన రోజు పురుగులు చివరి దశలో ఉన్నాయి. ఆ నాలుగైదు రోజులు మనుషులు తినకపోయినా పురుగుకు మేత ఆగకూడదు. బావ కొమ్మలు నరికి మోపులు తెస్తున్నాడు, అక్క పరుస్తోంది. వాళ్లకు తీరిక లేని రోజు చూసుకుని పోయాను. తీరికగా ఉంటే ప్రశ్నలు అడుగుతారు.

ఫోన్‌లో నా అంకె చూపించాను. అక్క చాలాసేపు చూసింది.

"వడ్డీ గాదు గదా?" అంది.

"కాదక్కా. వ్యాపారం, లాభం. అంతే."

"లాభం సరే. ఆడ ఏమమ్ముతారప్పా?" అన్నాడు బావ, మోపు కింద పెట్టి.

ఆ వ్యవహారం మొత్తంలో పనికొచ్చే ప్రశ్న అడిగింది ఆయనొక్కడే. "నువ్వు కొమ్మలు నరుక్కో బావా, ఇది నీకు చెప్పినా తెలీదు," అన్నాను. ఆయన మొహం ఎర్రబడింది. కొడవలి తీసుకుని తోటలోకి పోయాడు. ఒక్క మాట అంటే ముడుచుకుపోయే మనిషని నాకు వాళ్ల పెళ్లినాటి నుంచి తెలుసు.

అక్క ఇంకా తటపటాయిస్తోంది. అప్పుడు ఆమె చేతిని వాడాను. "నేను గూడా ఈ పొద్దు ఇంగొంచెం పెడతాండా అక్కా. ఇద్దరిదీ నీ చేత్తో పెట్టించాలనే ఇంత దూరం వచ్చినా. నీ చెయ్యి మంచిది," అన్నాను. ముప్పై ఏళ్లు ఎగతాళి చేసిన తమ్ముడు ఆ మాట అనేసరికి ఆమెకు కళ్లు చెమర్చాయి. లోపలికి పోయి పెట్టె తీసింది.

నగదు ధర్మవరం చేర్చేది నేను. ఫోన్‌లో ఒప్పుకున్నట్టు బటన్ నేనే నొక్కవచ్చు. కానీ ఆమె చేతే నొక్కించాను. రేపు ఏదైనా అయితే నొక్కింది నేను కాదని ఉంటుంది కదా. ఆమె చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, బిస్మిల్లా అని బొటనవేలు పెట్టింది. ఆకు పసరుతో బిరుసెక్కిన వేలికి ఫోన్ పలకలేదు. మూడోసారికి పలికింది. "పడిందా? నీది గూడా పడిందా?" అని అడిగింది. రెండూ పడ్డాయన్నాను.

మూడో రోజు నా డబ్బు వచ్చింది. వాడు మాట తప్పలేదు. ఆ మధ్యాహ్నం నేను రెండు ప్లేట్ల బిర్యానీ తిన్నాను, రుచిగా ఉంది. యాప్‌ల అప్పు కట్టేసి, గాజులు విడిపించి ఇంటికి తెచ్చాను. బాయిలర్ అబద్ధం అప్పటికే తెలిసిపోయి నా భార్య మాట్లాడటం మానేసి ఉంది, అందుకని ఆమెకు మొత్తం చెప్పాను. విని గాజులు వేసుకుంది. "వదినకు ఎప్పుడు చెప్తావు?" అంది. చెప్తాలే అన్నాను. తర్వాత ఆమె అడగలేదు, గాజులూ తీయలేదు.

అక్క ప్రతి శుక్రవారం ఫోన్ చేసేది. "ఎంతయిందిరా?" అనేది. అంకె చదివి చెప్పేవాడిని. ఏడు లక్షలు దాటిన రోజు, "ఇంగ చాలురా, తీసేయ్, దరఖాస్తు పెట్టుకుంటాం," అంది. తీయాలంటే ఆమె కూడా తన కింద ఒకరిని నిలబెట్టాలి. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. ఎవరినీ ముంచే పాపం ఆమెకు తగలకూడదని చెప్పలేదనుకుని, కొన్నాళ్లు నన్ను నేనే మెచ్చుకున్నాను. అసలు సంగతి వేరు. అది వింటే, నా డబ్బు ఎలా బయటికొచ్చిందో ఆమెకు ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది. "ఇప్పుడు తీస్తే నష్టమక్కా, ఇంగో రెండు నెలలు ఆగు," అన్నాను. ఆగడం గురించి నా దగ్గర పాఠాలు బోలెడు ఉన్నాయి కదా.

నాలుగు నెలలకు యాప్ తెరుచుకోవడం మానేసింది. ధర్మవరం మేడకు తాళం. దారం షాపు వాళ్లు, ఆ అల్లుడు మా అల్లుడే కాదన్నారు. మెట్ల మీద ఒక నేతగాడు కూర్చుని ఉన్నాడు. ఎవరికోసం అని అడిగితే, సాయంత్రం దాకా చూస్తానన్నాడు. నేను చూడలేదు, బస్సెక్కి అక్క ఇంటికి పోయాను.

"పాయెనక్కా. నీదీ పాయె, నాదీ పాయె," అని గుమ్మంలోనే చెప్పాను. ఏడ్చాను. నటించానని అనుకోవద్దు, నిజంగానే ఏడుపొచ్చింది. ఎందుకొచ్చిందో నాకు తెలీదు. నా డబ్బు నాకెప్పుడో తిరిగొచ్చింది, నేను మాత్రం వెక్కి వెక్కి ఏడుస్తున్నాను. బావ లేచి షెడ్డులోకి పోయాడు. అక్క నా తల నిమిరింది, సంగటి పెట్టింది. నేను తినేదాకా కదల్లేదు.

"నువ్వు పిల్లలు గలోడివి," అంది. "మాదేముండాదిలేరా. నీకెట్ల?"

కాసేపటికి తన కుడిచేయి చూసుకుంది. "నా చేత్తోనే గదా పెట్టింది. నాది పోతే పోయె, నీది గూడా ముంచినా. చెయ్యి చెడిపోయిందేమోరా?"

కాదు అనడానికి ఎంతసేపు పడుతుంది? నీ చేతికేం కాలేదక్కా, నాది నాకు వచ్చింది, నీ వల్లే వచ్చింది అనొచ్చు. అంతా చెప్పక్కర్లేదు, పిచ్చిమాటలు మాట్లాడకు అన్నా సరిపోయేది. నేను, "ఏమో అక్కా," అన్నాను.

ఆ రెండు మాటలు ఎందుకన్నానో బాగా తెలుసు. తప్పు ఆమె చేతిదైతే నాది కాదు.

ఆ తర్వాత నెలకు పక్క ఊళ్లో ఒక ఇంటి పంటకు పురుగులను చంపే పాలరోగం వచ్చింది. మొదటి ఆకు వేసింది అక్కే. ఎండాకాలం ఆ రోగం ఎవరి షెడ్డులోనైనా వస్తుంది, నా మార్కెట్ అనుభవంలో ఏటా చూసేదే. ఆ ఇంటివాళ్లు ఆమెను ఒక్క మాట అనలేదు. ఆమే పోయి, "నన్ను పిలవొద్దండమ్మా, నా చెయ్యి మంచిది గాదిప్పుడు," అని చెప్పి వచ్చింది. అలా ఒక్కో ఊరూ తిరిగి చెప్పిందట. లేకపోతే పిలిచేవాళ్లు ఎందుకు ఆగుతారు? ఆమె నోటితోనే విన్నాక ఆగిపోయారు. సొంత షెడ్డులో కూడా మొదటి ఆకు బావ చేత వేయించి, తాను గుమ్మం బయట నిలబడేది. ఇదంతా గూళ్లు అమ్మడానికి మార్కెట్‌కు వచ్చిన రైతులు నాకు చెప్పారు. నేను వాళ్ల గూళ్లు చెవి దగ్గర ఆడించి, రేటు తగ్గించి కొన్నాను.

రెండేళ్లకు బావ పోయాడు. వానాకాలంలో ఆకు మోపు దించుతూ షెడ్డు దగ్గర కూలబడ్డాడు, ఆసుపత్రి దాకా రాలేదు. జనాజా మోసినవాళ్లలో నేనూ ఉన్నాను, ముందు వరసలో. మట్టి వేసి వచ్చాక అక్క నన్ను పక్కకు పిలిచింది.

"మీ బావ నీ గురించి శానా బాధపడినాడురా," అంది. "ఆ దినం ఏమమ్ముతారని అడిగినాడు గదా. తమ్ముడు గూడా పోగొట్టుకున్యాడు, పాపం, వాణ్ణి అనుమానించినట్ల మాట్లాడినానే అని ఎన్నిసార్లు అనుకున్యాడో!"

నేను తల ఊపాను. ఊపడం అలవాటైపోయింది.

పోయిన ఏడాది ఆమె తోటలో సగం అమ్మింది. హజ్‌కు చాలలేదు. అదే మక్కాకు పోయే చిన్న యాత్ర ఉమ్రాకైతే ఖర్చు తక్కువ, రోజులు తక్కువ. మా పెద్దమ్మ కూతుళ్లు పోతుంటే వాళ్లతో బయలుదేరింది. మా వాళ్లలో ఒక పద్ధతి ఉంది. అక్కడికి పోయేవాళ్లు ముందుగా చుట్టాల ఇళ్లకూ, ఇరుగుపొరుగుకూ తిరిగి, తెలిసీ తెలియక చేసినవాటికి మాఫీ అడుగుతారు. అవతలి మనిషి మాఫ్ చేశానని చెప్పి, తానూ అడుగుతాడు. అప్పుడు ఇద్దరి మనసులూ కడుక్కున్నట్టు. లేకపోతే ఆ ప్రయాణం బరువు.

మా ఇంటికి శుక్రవారం నమాజు వేళ దాటాక వచ్చింది. నా భార్య సలాం చెప్పి వంటింట్లోకి పోయి, టీ పెట్టే వంకతో మళ్లీ బయటికి రాలేదు. అక్క కుర్చీ వద్దని నేల మీద కూర్చుంది. చాలా చిక్కిపోయింది. కాసేపు ఊరి సంగతులు మాట్లాడింది. తర్వాత నా చేయి పట్టుకోబోయి, ఆగి, తన చేయి వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది.

"అందరి ఇండ్లకూ పోయినానురా, నీ ఇంటికి రావాలంటేనే భయమాయె," అంది. "నీ పిల్లోళ్ల నోటికాడ కూడు నా చేత్తో పోగొట్టినా. నువ్వు ఒక్కనాడు గూడా నన్ను ఒక్క మాట అనలేదు. ఆ బరువుతో ఆడికి పోలేనురా. మాఫ్ చెయ్యి."

వంటింట్లో గాజుల చప్పుడు ఆగిపోయింది.

"మాఫ్ చేసినా అక్కా," అన్నాను.

ఆమె నా మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. పద్ధతి ప్రకారం ఇప్పుడు నేను అడగాలి. అందరూ అడుగుతారు, ఏ తప్పూ చేయనివాళ్లు కూడా అడుగుతారు. ఒక్క మాట, పెద్ద కష్టమేమీ కాదు. అడిగితే దేనికని ఆమె అడుగుతుందేమోనని ఊరుకున్నాను. మాఫీ అడగాల్సిన తప్పేదీ తమ్ముడు చేయలేదని ఆమె సర్దుకుంది కాబోలు, కళ్లు తుడుచుకుని లేచింది. మొహం తేటపడింది. గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ వెనక్కి తిరిగింది.

"పోయిన నీ దుడ్లు నీకు తిరిగొచ్చేట్ల ఆడ దువా చేస్తా. మొదటి దువా అదే," అంది.

"చెయ్యక్కా," అన్నాను.